వీరకేతు మహారాజు రెండో చావు

మా రేవులపాడులో చచ్చిపోయిన రాజు లేచి మళ్ళీ పద్యం పాడటం తప్పు కాదు. లేవకపోతేనే తప్పు. మా నాట్యమండలి ఆడే ‘వీరకేతు పరాక్రమం’ ఆఖరి అంకంలో వీరకేతు మహారాజు గుండెల్లో బాణంతో ఒక పద్యం పాడి, రాగం చివరికంటా లాగి, నేలకొరుగుతాడు. వెంటనే వెనక బెంచీల్లోంచి “వన్స్‌మోర్!” అని కేక వస్తుంది. మహారాజు లేచి, కిరీటం సర్దుకుని, బాణం జారిపోయి ఉంటే మళ్ళీ చంకలో ఇరికించుకుని, మొదటిసారి కంటే బాగా పాడి, మొదటిసారి కంటే బాగా చస్తాడు. తెర పడేది అప్పుడే. తెర లాగే మస్తాను మొదటి చావుకు తాడు ముట్టుకోడు. ముట్టుకోగూడదని వాళ్ళ నాన్న చెప్పి పోయాడు.

నేను ఆ మండలిలో హార్మోనిస్టుని. పేరు ఏసుపాదం. మా వీరకేతు మహారాజు పేరు గుమ్మడిదల కోటిరత్నం గారు. అవును, ఆడమనిషే. పడుచుతనంలో మీసం పెట్టుకుని ఆ వేషం కట్టింది, అరవై దాటినా దించలేదు. మామూలుగా ఇంట్లో చూస్తే కూరగాయల బేరం దగ్గర కూడా గట్టిగా మాట్లాడదు. మీసం అంటించుకుందంటే మాత్రం పక్కన నిలబడటానికి సేనాపతి వేషగాడికే భయం.

పోయిన ఏడు రిహార్సల్లో ఆవిడ ఒక మాట అంది.

“మోకాళ్ళు మాట వినట్లేదయ్యా ఏసుపాదం. చావటానికేం ఇబ్బంది లేదు, లేవటమే కష్టంగా ఉంది. ఈ ఏటితో కిరీటం దించేస్తా. మన టౌన్ హాల్లో ఆఖరిసారి చచ్చి, చెంచయ్య కేకకి లేచి, మళ్ళీ చచ్చి, ఇంటికి పోతా.”

చెంచయ్య అంటే మా ఊరి వన్స్‌మోర్. ఆర్టీసీలో కండక్టరుగా చేసి రిటైరయ్యాడు. కిక్కిరిసిన బస్సు వెనక మెట్ల మీద వేలాడుతూ డ్రైవరుకి వినపడేలా అరిచి అరిచి తయారైన గొంతు. వినయం లాంటివి దగ్గరికి రానీయడు. “రత్నమ్మ గారు పాడుద్ది, నేను లేపుతా. ఇద్దరిలో ఎవరు లేకపోయినా నాటకం లేదు” అని టీ కొట్టు దగ్గర చెప్పుకుంటాడు. వినేవాళ్ళకి ఒళ్ళు మండుతుంది గానీ, అందులో అబద్ధం లేదు కాబట్టి ఊరుకుంటారు.

సరిగ్గా అప్పుడే జిల్లా సాంస్కృతిక వికాస మండలి అధికారి శ్రీ వరాహమూర్తి గారు జపాను వెళ్ళొచ్చారు.

ఎవరో జపాను కంపెనీ వాళ్ళు మా జిల్లాలో ఫ్యాక్టరీ పెట్టే ఆలోచనలో ఉన్నారు. వాళ్ళ సంస్కృతిని ముందుగా అర్థం చేసుకొని రమ్మని ప్రభుత్వం ఈయన్ని అధ్యయన యాత్రకు పంపింది. అక్కడ ఒక మధ్యాహ్నం నోహ్ అనే నాటకం చూపించారట. వందల ఏళ్ళుగా తండ్రి నుంచి కొడుక్కి వస్తున్న ఆట. కర్రతో చెక్కిన ముఖాలు పెట్టుకుని, అడుగు తీసి అడుగు వేయటమే ఒక పెద్ద పనిగా, డప్పులూ పిల్లనగ్రోవీ వాయిస్తుండగా పాడతారట. ఆయనకు అంతకుమించి ఏమీ తెలియలేదు, ఎందుకంటే మధ్యలో నిద్రపోయారు. మెలకువ వచ్చి చూస్తే హాలంతా నిశ్శబ్దం. పక్కవాళ్ళు కూడా కళ్ళు మూసుకుని ఉన్నారు. వరాహమూర్తి గారు ఆ క్షణంలోనే ఒక నిర్ణయానికి వచ్చారు.

తిరిగొచ్చిన వారంలో మా మండలి సభ్యులందరినీ ఆఫీసుకు పిలిపించి ఉపన్యసించారు.

“జపాను దేశము ఎందుకు అభివృద్ధి చెందినది? వారి నాటకశాలలో నిశ్శబ్దము కలదు. మన దేశము ఎందుకు చెందలేదు? మన నాటకశాలలో వన్స్‌మోర్ కలదు. సదరు విషయమై కూలంకషముగా పరిశీలించిన మీదట, మన పద్యనాటకమును జపాను ప్రమాణములకు ఉన్నతీకరించుటకు ఈ మండలి తీర్మానించినది. విదేశీ అతిథులు వచ్చు దినమున మీ ప్రదర్శనయే ప్రథమ ప్రయోగము.”

“అయ్యా, మాది పద్యం గదా, చప్పుడు లేకుండా ఎట్టా పాడేదండీ?” అని సేనాపతి వేషగాడు అడిగాడు.

“చప్పుడు చేయరాదన్న నిబంధన ప్రేక్షకులకు. మీకు నిదానము నిర్దేశింపబడినది” అన్నారాయన.

ఆ నిదానం ఎంత నిదానమో రిహార్సల్లో తెలిసింది. మహారాజు తెర పక్కనుంచి సింహాసనం దాకా నడిచేసరికి నేను వాయిస్తున్న రాగం అయిపోయి, దానికి చుట్టమైన రాగం కూడా అయిపోయింది. శత్రువు బాణం వదిలే ఘట్టం దగ్గర పెద్ద చర్చ జరిగింది. అందరూ నిదానంగా నడుస్తుంటే బాణం ఒక్కటీ వేగంగా రావటం క్రమశిక్షణారాహిత్యం కదా! అందుచేత ఆఫీసు అటెండరు కాశీవిశ్వనాథానికి తల నుంచి కాలిదాకా నల్లబట్టలు తొడిగి, చేతికి బాణం ఇచ్చి, దాన్ని శత్రువు విల్లు దగ్గర్నుంచి మహారాజు గుండెదాకా మోసుకెళ్ళే డ్యూటీ వేశారు. జపాను నాటకాల్లో సామాను అందించేవాళ్ళు నల్లబట్టల్లో ఉంటారనీ, ప్రేక్షకులు వాళ్ళను చూడనట్టే ఉంటారనీ వరాహమూర్తి గారు ఎక్కడో విన్నారు. వెంటనే సర్క్యులర్ వచ్చింది. నల్లదుస్తులు ధరించిన ఉద్యోగి ఉన్నప్పటికీ లేనట్టుగా భావించవలెను.

దాంతో కాశీవిశ్వనాథం ఆఫీసుకి కూడా నల్లబట్టల్లోనే రావటం మొదలుపెట్టాడు. వచ్చాడో రాలేదో హాజరు పట్టీలో ఎవరూ రాయలేకపోయారు. ఉన్నవాణ్ని లేనట్టు భావించాలి గనక, లేనివాణ్ని లేడని చెప్పే వీలు పోయింది. కొన్నాళ్ళకి అకౌంట్స్ సెక్షనంతా నల్లబట్టలు కుట్టించుకుంది.

ప్రేక్షకుల సంగతి అంతకంటే పద్ధతిగా జరిగింది. హాల్లో కూర్చోవాలంటే నిశ్శబ్ద ప్రేక్షక శిక్షణ పొంది సర్టిఫికెట్ తెచ్చుకోవాలన్నారు. శిక్షణ మునిసిపల్ హైస్కూల్లో. ముందు ఎదురుగా కూర్చోబెట్టి జంతికలు తినిపిస్తారు, కరకరమంటే ఇంటికే. తర్వాత మంచి గాయకుడి చేత మంచి పద్యం పాడిస్తారు. వింటున్నవాడి తల ఊగినా, “ఆహా” అన్నా, నాలుక చప్పరించినా ఫెయిల్. మా ఊరి రసికులు గుంపులు గుంపులుగా ఫెయిలయ్యారు. ఒకాయన పాపం నోరు మూసుకునే ఉన్నాడు గానీ, పై షడ్జం దగ్గర కళ్ళ నీళ్ళు పెట్టుకున్నాడు. అది లోలోపలి వన్స్‌మోర్ కిందికి వస్తుందని రాసి పంపేశారు.

పాసైనవాళ్ళెవరంటే నీటిపారుదల శాఖ వాళ్ళు. ఏం పాడినా వాళ్ళలో చలనం లేదు. హాలంతా వాళ్ళతోనే నింపుదామని డిప్యుటేషన్ ఉత్తర్వులు ఇచ్చారు.

చెంచయ్య శిక్షణకు పోకుండా ఉంటాడా! గాయకుడు శృతి అందుకోగానే, పద్యం ఇంకా మొదలుకాక ముందే “వన్స్‌మోర్” అన్నాడు. మర్నాడు ఇంటికి నోటీసు వచ్చింది. ప్రదర్శన దినమున నోటీసుదారుడు టౌన్ హాలు ప్రాంగణములో అడుగు పెట్టరాదు, పెట్టినచో శాంతిభద్రతల సమస్యగా పరిగణింపబడును.

ఆ నోటీసు సంగతి విన్న కోటిరత్నం గారు నన్ను వెంటబెట్టుకుని వరాహమూర్తి గారి దగ్గరికి వెళ్ళింది. ఆవిడ ఒక ఆఫీసు గడప తొక్కి ఒకటి కావాలని అడగటం నేను చూడటం అదే మొదలు.

“అయ్యా, నిదానంగా నడవమన్నారు, నడుస్తున్నా. మీసం తీసి చెక్క ముఖం తగిలించుకోమన్నారు. ముఖం కప్పేస్తే నేను చచ్చానో బతికానో వాళ్ళకెట్టా తెలుసుద్దండీ అంటే...”

“ఆ సందిగ్ధతయే కళ” అన్నారాయన.

“సర్లెండి, అదీ పెట్టుకుంటా. చెంచయ్యని ఒక్కణ్ని రానీయండి. ఇదే నా ఆఖరి వేషం. నాకా వన్స్‌మోర్ కావాల.”

వరాహమూర్తి గారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. మనిషి చెడ్డవాడు కాదు. చెడ్డవాడైతే కాస్త వంగేవాడు.

“అమ్మా, మరణించిన పాత్ర పునరుత్థానము చెంది తిరిగి గానము చేయుట జపాను నాటక సంప్రదాయమునకు పూర్తిగా విరుద్ధము. అతిథులు నొచ్చుకొందురు. ఫ్యాక్టరీ పక్క జిల్లాకు పోవును. ఒక కేక కొరకు ఇన్ని ఉద్యోగములను పణము పెట్టమందురా?”

ఆవిడ దణ్ణం పెట్టి లేచింది. బయటికి వచ్చి రిక్షా ఎక్కేటప్పుడు మాత్రం “ఉద్యోగాలంట” అని ముక్కు చీదుకుంది. నాకు ఆ ఆఫీసు కప్పు మీద హార్మోనియం విసిరేసి రావాలనిపించింది. హార్మోనియం నాది గాబట్టి ఆగాను.

ప్రదర్శన మధ్యాహ్నం భోజనాలయ్యాక పెట్టారు. ఆ వేళ నిశ్శబ్దం సహజంగానే వస్తుందని వరాహమూర్తి గారి లెక్క. స్టేజీ వెనక తెర మీద ఉన్న రాజదర్బారు చెరిపించి, నోహ్ స్టేజీ మీద ఉన్నట్టు పెద్ద దేవదారు చెట్టు వేయించారు. పల్లీలు అమ్మేవాణ్ని గేటు బయటే ఆపారు. చెంచయ్య రోడ్డవతల సోడా కొట్టు బెంచీ మీద కూర్చున్నాడు. నోటీసులో ప్రాంగణం అని ఉంది గాని రోడ్డు అని లేదు.

ముందు వరసలో జపాను అతిథులు. వాళ్ళలో పెద్దాయన హమాదా గారు, తెల్లటి జుట్టు, మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని మంచి శ్రద్ధగా చూస్తున్నారు. పక్కన హైదరాబాదు నుంచి వచ్చిన దుభాషి అమ్మాయి. ఆ వెనకంతా నీటిపారుదల శాఖ.

నాటకం నడిచింది అనటానికి లేదు, జరిగింది. బాణం వదిలారు. కాశీవిశ్వనాథం దాన్ని పట్టుకుని బయల్దేరాడు. అది వచ్చేలోపు మహారాజు తప్పుకుని టీ తాగి రావచ్చు, అయినా పాపం నిలబడింది. బాణం తగిలింది.

కోటిరత్నం గారు పద్యం ఎత్తుకుంది.

ఆవిడ గొంతు ఆ రోజు ఎట్లా ఉందంటే, చెక్క ముఖం ఆ గొంతుకి చాలలేదు. మొదటి పాదం అయ్యేసరికి చెయ్యెత్తి ఆ ముఖం తీసి పక్కన పారేసింది. కింద మీసం ఉంది! ముందే అంటించుకుని వచ్చింది. రాగం అందుకుని పైకి పైకి పోయి, అక్కడ నిలబెట్టి, నెమ్మదిగా దించి, నేలకొరిగింది.

నిశ్శబ్దం.

మస్తాను తాడు దగ్గర నిలబడి వన్స్‌మోర్ కోసం చూస్తున్నాడు. వన్స్‌మోర్ రాదు. రాకుండా తెర వేయడు. మహారాజు కేక లేకుండా లేవదు. లేవకుండా నాటకం అవదు. నీటిపారుదల శాఖకు కదలటానికి ఉత్తర్వులు లేవు. బాణం కొస పట్టుకున్న కాశీవిశ్వనాథం, తను లేడు గనక, వెళ్ళిపోవటం ఎట్లాగో తెలియక అక్కడే నిలబడ్డాడు. వరాహమూర్తి గారు మాత్రం పరవశించిపోతున్నారు. జపానులో కూడా ఇంత నిశ్శబ్దం చూడలేదని ఆయన మొహమే చెబుతోంది.

దేవదారు చెట్టు మీదికి బల్లి ఒకటి ఎక్కి, చివరిదాకా పోయి, దిగింది.

“ఏసుపాదం,” అంది మహారాజు, పెదాలు కదలకుండా. “చెంచయ్యేడీ?”

“నోటీసిచ్చారు గదమ్మా” అన్నాను హార్మోనియం మీదికి వంగి.

“మరి నన్నెవరు లేపుతారయ్యా?”

నాకు ఏడుపొచ్చింది. నేనే అరవొచ్చు. కానీ మండలివాళ్ళు తమ నాటకానికి తామే వన్స్‌మోర్ అనుకోవటం కంటే తలవంపులు లేవు, పైగా నా గొంతు ఆవిడకు తెలుసు. దొంగ కేకకి ఆవిడ లేవదు.

అప్పుడు ముందు వరసలో హమాదా గారు కుర్చీలో అటూ ఇటూ కదిలారు. వెనక్కి తిరిగి చూశారు. అందరూ బొమ్మల్లా కూర్చుని ఉండటం చూసి ఆయనకు మతి పోయినట్టుంది. దుభాషి అమ్మాయి చెవిలో గబగబా ఏదో అడిగారు. ఆ అమ్మాయి వంగి వచ్చి స్టేజీ అంచు దగ్గర నన్ను అడిగింది.

“అంకుల్, ఈవిడ ఇంటిపేరేంటట?”

“గుమ్మడిదల” అన్నాను.

హమాదా గారు లేచి నిలబడ్డారు. బొడ్డు దగ్గర్నుంచి గాలి తీసి, హాలు కప్పు లేచిపోయేట్టు అరిచారు.

“గుమ్మదిదరా!”

నీటిపారుదల శాఖలో ఇద్దరు కుర్చీల్లోంచి జారిపోయారు. వరాహమూర్తి గారు గుండె పట్టుకున్నారు.

“ఏందయ్యా ఆయన?” అంది మహారాజు, ఒక కన్ను తెరిచి.

“మీ ఇంటిపేరు పిలుస్తున్నాడమ్మా.”

“ఎందుకూ? మా ఇంట్లో ఎవరన్నా పోయారా?”

“మీరే గదమ్మా పోయింది.”

ఈలోగా ఆ కేక వెంటిలేటర్లోంచి బయటికి పోయి, రోడ్డు దాటి, సోడా కొట్టు దగ్గర చెంచయ్య చెవిన పడింది. నిషేధం ఎత్తేశారనుకున్నాడో, తన ఉద్యోగం ఇంకెవడో చేస్తున్నాడని మండిపోయాడో తెలియదు. నోటీసును గౌరవిస్తూ రోడ్డవతలే బెంచీ ఎక్కి నిలబడ్డాడు. మేం లోపల విన్నాం.

“వన్స్‌మోర్!”

వీరకేతు మహారాజు మోచేతుల మీద లేచింది. మోకాలు పట్టేసింది కాబోలు, ఒక క్షణం ఆగిపోయింది. లేని ఉద్యోగి కాశీవిశ్వనాథం చెయ్యి అందించాడు. లేచి, కిరీటం సర్దుకుని, వీధి వైపు తిరిగి పాడింది. ఎంత బాగా పాడిందో చెప్పటానికి నాకు చేతకాదు. మళ్ళీ పడింది. మస్తాను తెర లాగేశాడు. నీటిపారుదల శాఖ సర్టిఫికెట్లు మరిచిపోయి చప్పట్లు కొట్టింది.

తెర వెనకకు హమాదా గారు వచ్చి నడుం దాకా వంగి నమస్కరించారు. దుభాషి అమ్మాయి చెప్పింది. వాళ్ళకు నాటకాలు ఒక్క రకం కాదట. కబుకి అని ఇంకో ఆట ఉందట. చిన్నప్పుడు హమాదా గారిని వాళ్ళమ్మ ఒళ్ళో అన్నం డబ్బా పెట్టుకుని వెనక సీట్లో కూర్చోబెట్టి చూపించేదట. నటుడు అదరగొట్టిన చోట వెనకనుంచి వాళ్ళ వంశప్పేరు పెట్టి అరవాలట, అరవకపోతే నటుడికి అవమానమట.

వరాహమూర్తి గారు, “కానీ నోహ్... చనిపోయిన పాత్ర లేచుట...” అన్నారు.

ఆ అమ్మాయి అడిగి చెప్పింది. “నోహ్‌లో చాలా నాటకాలు అవేనటండీ. యుద్ధంలో చచ్చిపోయిన వీరుడు తిరిగొచ్చి తన కథ మళ్ళీ పాడుకుంటాడట. మన వాళ్ళు రెండూ కలిపి ఒకే నాటకంలో పెట్టారని ఆయన చాలా సంతోషపడుతున్నారు.”

మీసం ఊడదీసుకుంటున్న కోటిరత్నం గారు పకపకా నవ్వింది.

కథ అక్కడితో ఆగితే మాది రేవులపాడు కాదు. ఫ్యాక్టరీ సంగతి ఇంకా తేలలేదు గాని, ఉత్తర్వు మాత్రం వెంటనే వచ్చింది. నిశ్శబ్దము అనాగరికమని కూలంకషముగా పరిశీలించిన మీదట తేలినందున, ఇకమీదట జిల్లాలో ప్రతి ప్రదర్శనలోనూ కేక తప్పనిసరి. శిక్షణ అదే హైస్కూల్లో, అదే మాస్టార్లు. ఎప్పుడు అరవాలో తెలియటానికి హాల్లో ఎర్ర బల్బు పెట్టారు. చెంచయ్యకు శాలువా కప్పి, ప్రథమ కేకలరిగా నియమించి, ముందు వరసలో మైకు ముందు కూర్చోబెట్టారు.

కోటిరత్నం గారు అన్నమాట ప్రకారం కిరీటం దించేసింది. ఎంత బతిమాలినా మళ్ళీ పెట్టుకోలేదు. అందువల్ల జిల్లా కేకల మహోత్సవంలో వీరకేతుగా వరాహమూర్తి గారి తోడల్లుడు వేశాడు. ఆయన పద్యం పాడాడు, చచ్చాడు. ఎర్ర బల్బు వెలిగింది. నీటిపారుదల శాఖ ఏకకంఠంతో అరిచింది. చెంచయ్య మైకు ముందు కదలకుండా కూర్చున్నాడు. బల్బు ఆర్పి మళ్ళీ వెలిగించారు. ఆ మనిషి నోరు తెరవలేదు. బల్బు మాడిపోయింది.

విధి నిర్వహణలో మౌనం వహించినందుకు సంజాయిషీ అడిగారు. “నాకు రాలేదండి” అని ఒక్క ముక్క రాసిచ్చాడు. ఆఫీసులో ఫైలు చాలా టేబుళ్ళు తిరిగింది. చివరికి పాత నిబంధనలు రద్దు చేయటం మరిచిపోయారని ఎవరో కనిపెట్టారు. వాటి ప్రకారం ఒక పూర్తి ప్రదర్శనలో చప్పుడు చేయని ప్రేక్షకుడు ఉత్తమ శ్రేణి సర్టిఫికెట్‌కు అర్హుడు. ఒకే కవర్లో చెంచయ్యకు ప్రథమ కేకలరిగా తొలగింపూ, ఉత్తమ నిశ్శబ్ద ప్రేక్షకుడిగా సర్టిఫికెట్టూ వచ్చాయి.

అవి పట్టుకుని కోటిరత్నం గారింటికి వచ్చాడు. నేను అప్పటికే అక్కడున్నాను, హార్మోనియం రీడు ఒకటి పట్టేస్తుంటే సరిచేసుకుంటున్నా. ఆవిడ మోకాళ్ళకు నూనె రాసుకుంటూ ఆ సర్టిఫికెట్ పైకే చదివింది. చదివి చదివి నవ్వింది. నవ్వుతూ నవ్వుతూనే, కుర్చీలో కూర్చుని, కిరీటం లేకుండా, మీసం లేకుండా, ఆ పద్యం ఊరికే కూనిరాగం తీసింది. చివర్న ఊపిరి చాలలేదు. రాగం పైకి పోకముందే తెగిపోయింది. ఆవిడ చెయ్యి ఊపి, “అయిపోయింది లేవయ్యా” అంది.

చెంచయ్య టీ గ్లాసు కింద పెట్టాడు.

“వన్స్‌మోర్!”

పక్కింటి కిటికీలు తెరుచుకున్నాయి.

“మోకాళ్ళు చెంచయ్యా” అంది ఆవిడ.

“లేవమాకండి. ఈసారి కూచ్చునే.”

ఆవిడ నూనె చేతులు చీరకి తుడుచుకుని, నడుం నిటారు చేసి, “ఏసుపాదం, శృతి ఇయ్యి” అంది.

ఇచ్చాను.